ఒంటికొయ్య ఓడల పనితనం

అరవై టన్నుల ఓడంటే ఓడల లోకంలో పిల్లకాయ కిందే లెక్క. 1785 ఏప్రిల్‌లో జేమ్స్ హన్నా అనే కెప్టెన్ అలాంటి పిల్ల ఓడలో ఇరవై మందిని ఎక్కించుకుని మకావు రేవు విడిచాడు. పసిఫిక్ దాటి, ఇప్పుడు కెనడా పడమటి తీరంగా ఉన్న నూట్కా సౌండ్ చేరాడు. ఏడాది చివరికల్లా 560 సముద్రపు నీటికుక్క తోళ్లతో తిరిగొచ్చాడు. చైనాలో అవి 20,600 స్పానిష్ డాలర్లు పలికాయి. ఇలాంటి లాభాల ఆశతో లండన్, బోస్టన్ వర్తకులే కాదు, కలకత్తా, బొంబాయి వర్తకులూ ఓడలు సిద్ధం చేయించారు.

తర్వాతి పాతికేళ్ల కథలో తోళ్ల లెక్కలున్నాయి, స్పెయిన్‌కూ బ్రిటన్‌కూ నూట్కా గురించి నడిచిన తగవుంది, కుక్, వాంకూవర్ లాంటి పెద్ద పేర్లున్నాయి. వాటి మీద పుస్తకాలు చాలానే వచ్చాయి. నాకు మాత్రం ఈ కథలో తెగ నచ్చేది వేరే ఉంది. పటాలు లేని తీరం, ఆరేడు నెలల దూరంలో సొంతూరు, మధ్యలో దక్షిణ అమెరికా కొసనున్న హార్న్ అగ్రం. అలాంటి దారిలో ఒకే తెరచాప కొయ్య ఉన్న ఓడలు రెండేళ్లు, మూడేళ్లు తిరిగి, ముక్కలు కాకుండా ఇల్లు చేరాయి. ధైర్యం ఉంటే సరిపోదు దీనికి. ధైర్యవంతులు చాలామంది మునిగిపోయారు. ఇది వడ్రంగి చేతిలో, కమ్మరి చేతిలో, తెరచాపలు కుట్టేవాడి చేతిలో ఉన్న పని.

ముందు సరుకు సంగతి చూద్దాం. సముద్రపు నీటికుక్కకు తిమింగలంలా, సీల్‌లా చర్మం కింద కొవ్వు పొర ఉండదు. చల్లటి నీళ్లలో దాన్ని కాపాడేది బొచ్చే. ఒక చదరపు అంగుళంలో పది లక్షల దాకా వెంట్రుకలుంటాయి. జంతులోకంలో ఇంత దట్టమైన బొచ్చు మరోదానికి లేదు. కుక్ మూడో యాత్రలోని నావికులు నూట్కాలో పడక కోసమనీ, చలికోసమనీ కొన్న తోళ్లు కాంటన్‌లో ఒక్కొక్కటి 120 డాలర్ల దాకా పలికేసరికి వాళ్లకు మతి పోయింది. వెంటనే వెనక్కి తిరిగి ఆ తీరానికే పోదామని ఓడలో గొడవ చేశారు కూడా.

మన వైపు నుంచీ ఒక ప్రయత్నం జరిగింది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జేమ్స్ స్ట్రేంజ్ బొంబాయి వర్తకుడు డేవిడ్ స్కాట్‌ను కలుపుకుని రెండు ఓడలు తీశాడు. ఒకటి ‘కెప్టెన్ కుక్’, 300 టన్నులు. రెండోది ‘ఎక్స్‌పెరిమెంట్’, 100 టన్నులు. 1786లో నూట్కా చేరారు గానీ, తెచ్చిన తోళ్లు పెట్టుబడికి తగినన్ని కావు. స్ట్రేంజ్ దినచర్యను మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమే 1928లో అచ్చువేసింది. 1786లోనే కలకత్తా నుంచి ‘నూట్కా’ అనే ఓడలో వెళ్లిన జాన్ మియర్స్ గతి ఇంకా అధ్వానం. అలాస్కా తీరంలో మంచులో చిక్కుకుని చలికాలమంతా అక్కడే గడిపాడు. స్కర్వీతో 23 మంది చచ్చిపోయారు. ఈ వ్యాపారంలో పెద్ద ఓడ ఉంటే పని జరుగుతుందన్న నమ్మకం తొలి రెండేళ్లలోనే సడలింది.

ఎందుకంటే ఆ తీరం రేవుల తీరం కాదు. వాంకూవర్ దీవి నుంచి అలాస్కా దాకా సముద్రం కొండల్లోకి వేళ్లు చొప్పించినట్టుంటుంది. ఇరుకు పాయలు, మలుపులు, నీటికింద కనబడని రాళ్లు, గంటకోలా దిక్కు మార్చే గాలి, రోజుకు రెండుసార్లు ఉధృతంగా వచ్చిపోయే పోటు. తోళ్లున్న ఊళ్లన్నీ ఆ పాయల లోపల ఉన్నాయి. అడ్డ తెరచాపల పెద్ద ఓడ గాలికి ఎదురుగా పోవాలంటే గాలి దిక్కునుంచి 65, 70 డిగ్రీలు పక్కకు జరిగి అడ్డదిడ్డంగా పోవాలి. నాలుగు ఫర్లాంగుల వెడల్పున్న పాయలో అది కుదిరే పని కాదు. లోపలికి పోతే పోవచ్చు, బయటికి రావడం గాలి దయ.

స్లూప్ నిర్మాణం దీనికి జవాబు. నిలువుగా ఒకటే కొయ్య. దాని వెనక, ఓడ పొడవునా పరుచుకునే ఒక పెద్ద తెరచాప. ఆ చాప పై అంచుకు ఒక వాసం, కింది అంచుకు ఇంకో వాసం. కింది వాసం ఎంత పొడుగంటే, చుక్కాని దాటి వెనక నీళ్ల మీదికి చొచ్చుకుని ఉంటుంది. ముందు భాగంలో ముక్కుదూలానికి కట్టిన ముక్కోణపు చాపలు. పైన, గాలి వెనకనుంచి వీచేటప్పుడు విప్పడానికి ఒక చిన్న అడ్డ తెరచాప. ఈ అమరికతో ఓడ గాలికి బాగా దగ్గరగా పోగలదు. చుక్కాని తిప్పగానే ముక్కు తిరుగుతుంది, చాప తనంతట తాను రెండో పక్కకు వాలుతుంది. కొయ్య ఎక్కి తాళ్లు లాగే మనుషులు పెద్దగా అక్కర్లేదు. అడుగు లోతు తక్కువ కాబట్టి ఒడ్డు దాకా పోవచ్చు. గాలి బొత్తిగా పడిపోతే పొడుగాటి తెడ్లు వేసి జనమే లాక్కుపోవచ్చు.

మరి లోపం లేదా అంటే, ఉంది. పాయల్లో ఏది వరమో నడి సముద్రంలో అదే శాపం. పెద్ద అలల మీద ఓడ పొర్లుతున్నప్పుడు ఆ కింది వాసం నీళ్లలో మునుగుతుంది, లేస్తుంది. వెనక గాలి ఒక్క క్షణం పక్కకు తప్పితే మొత్తం వాసం ఈ పక్కనుంచి ఆ పక్కకు విసురుగా కొట్టుకుపోతుంది. దారిలో మనిషి తల ఉంటే తల పోతుంది, తాడు ఉంటే తాడు తెగుతుంది, ఒక్కోసారి కొయ్యే విరుగుతుంది. రెండు మూడు కొయ్యలున్న ఓడలో ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. స్లూప్‌లో కొయ్య పోతే ఇక మిగిలింది తేలే పెట్టె. కాబట్టి స్లూప్‌లో ప్రపంచం చుట్టి రావాలనుకునేవాడు రోజూ, ప్రతి గంటా ఆ ఒక్క కొయ్యనూ, దాన్ని నిలబెట్టే తాళ్లనూ చూసుకుంటూ ఉండాలి. జనపనార తాడు తడిస్తే బిగుసుకుంటుంది, ఎండితే వదులవుతుంది. ఉష్ణమండలం దాటుతున్నప్పుడు ఒక రకంగా, హార్న్ దగ్గర చలివానలో ఇంకో రకంగా దాన్ని బిగించాలి, సడలించాలి. ఈ చాకిరీకి కథల్లో చోటుండదు. దినచర్య పుస్తకాల్లో మాత్రం ప్రతి పేజీలో అదే.

దినచర్యలు అన్నాను కాబట్టి, నా అభిమాన లేఖకుడి గురించి చెప్పాలి. జాన్ బోయిట్. 1774లో బోస్టన్‌లో పుట్టాడు. పదహారు నిండకుండానే, 1790లో, ‘కొలంబియా రెడివైవా’ ఓడలో ఐదో మేట్‌గా చేరాడు. ఓడ యజమానుల్లో ఒకడైన క్రోవెల్ హాచ్ ఇతనికి బావ. కాబట్టి ఉద్యోగం సిఫార్సుతో వచ్చిందే, దాచడానికేమీ లేదు. కెప్టెన్ రాబర్ట్ గ్రే. ఓడ 212 టన్నులు, పొడవు 83 అడుగుల పైచిలుకు. ఆ ఓడలో మరో ఇద్దరు కూడా రాతగాళ్లే, రాబర్ట్ హాస్వెల్, జాన్ హాస్కిన్స్. ముగ్గురి రాతలనూ ఫ్రెడరిక్ హోవే 1941లో ఒకే సంపుటిగా తెచ్చాడు. ఒకే సంఘటనను ముగ్గురి కళ్లతో చదవడం ఎంత బాగుంటుందో! హాస్కిన్స్ గుమస్తా, లెక్కలు చూసుకుంటాడు, కెప్టెన్ మీద అనుమానం. హాస్వెల్‌కు మాటల మీద మోజు. బోయిట్ పొట్టిగా, సూటిగా రాస్తాడు. పని గురించి రాసేటప్పుడు మాత్రం ఆ కుర్రాడి చేతికి ఎక్కడలేని ఓపిక వస్తుంది.

1791 శరదృతువులో గ్రే తన ఓడను క్లేయోక్వాట్ సౌండ్‌లోని ఒక మరుగు కోవలోకి తెచ్చి నిలిపాడు. చలికాలమంతా అక్కడే. పని లేకుండా కూర్చోడానికి కాదు. పాయల్లో తిరగడానికి రెండో ఓడ కావాలి, దాన్ని అక్కడే కట్టాలని అతని ఆలోచన. సుమారు 45 టన్నుల స్లూప్. కొంత కొయ్య చట్రాన్ని బోస్టన్ నుంచే విడి ముక్కలుగా తెచ్చుకున్నారు. మిగతాదంతా అడవిలో కొట్టి తేవాలి. ముందు దుంగలతో ఒక ఇల్లు కట్టి, ఫిరంగులు పెట్టి, దానికి ఫోర్ట్ డిఫయన్స్ అని గంభీరంగా పేరు పెట్టుకున్నారు. రంపపు గోతులు తవ్వారు. కమ్మరి కొలిమి పెట్టారు.

రంపపు గొయ్యి చూడని తరం ఇప్పుడు ఎక్కువ కాబట్టి రెండు మాటలు. మనిషి నిలబడేంత లోతు గొయ్యి తవ్వుతారు. దాని మీద దుంగను అడ్డంగా పెడతారు. ఒకడు దుంగ మీద నిలబడి రంపాన్ని పైకి లాగుతాడు, ఒకడు గోతిలో నిలబడి కిందికి లాగుతాడు. గీత తప్పకుండా చూసేది పైవాడు. కళ్లనిండా పొట్టు పడేది కిందివాడికి. ఆ తీరంలో చలికాలమంటే మంచు కాదు, నెలల తరబడి ఎడతెగని వాన. ఆ వానలో, తడిసిన దేవదారు, ఫర్ దుంగలను ఒక్కొక్కటే పలకలుగా కోసి, ఆరబెట్టడానికి టైము లేక పచ్చివే వాడి, ఓడ కట్టారు. పచ్చి చెక్క తర్వాత ఎండి కుదించుకుంటుంది. సందులు తెరుచుకుంటాయి. అది తెలిసే చేశారు. సందుల్లో పాత తాళ్ల పీచు దట్టంగా దూర్చి, ఉలిలాంటి ఇనుప పనిముట్టుతో కొట్టి బిగించి, పైన వేడి తారు పోస్తారు. చెక్క కుదించుకున్నప్పుడల్లా మళ్లీ దూర్చాలి. కోరంగిలో ఓడలు కట్టి, బాగుచేసిన మన గోదావరి వడ్రంగులు ఈ పని చూసి ఉంటే, భాష తెలియకపోయినా చేతికి పనిముట్టు అందించి ఉండేవాళ్లు.

ఇక్కడ నన్ను కట్టిపడేసే సంగతి వంపుల లెక్క. ఓడ పక్కటెముకల కొయ్యలు ఏ రెండూ ఒకేలా ఉండవు. ముందు భాగంలో ఇరుకుగా, నడుమ వెడల్పుగా, వెనక మళ్లీ సన్నగా పోతాయి. వంపు తిరిగిన కొయ్యను తిన్నటి దుంగనుంచి చెక్కితే నార అడ్డంగా తెగి, అక్కడే విరుగుతుంది. అందుకే మంచి వడ్రంగి అడవిలో చెట్టును చూసేటప్పుడే దాని లోపల ఏ ఎముక ఉందో చూస్తాడు. కొమ్మ మానును కలిసే చోటు, వేరు మలుపు తిరిగే చోటు, అక్కడ నార తనంతట తానే వంగి ఉంటుంది. ఓడలో మోకాలి కొయ్యలు అక్కడినుంచి వస్తాయి. బోస్టన్ వైపు ఓక్ చెట్లలో ఇవి పుష్కలంగా దొరుకుతాయి. నిటారుగా ఆకాశానికి పెరిగే పసిఫిక్ అడవిలో అంత సులువుగా దొరకవు. చట్రం ముక్కలను ఓడలో మోసుకురావడం వెనక ఈ తెలివి ఉందని నా అంచనా. తెరచాప కొయ్యకు మాత్రం ఆ అడవిని మించిన చోటు భూమి మీద లేదు. మియర్స్ కూడా ఇదే పసిగట్టి, అక్కడి కొయ్యలను చైనాకు అమ్మాలని చూశాడు.

అన్నట్టు, ఆ తీరంలో కట్టిన తొలి ఐరోపా తరహా ఓడ గ్రేది కాదు, మియర్స్‌దే. 1788లో మకావు నుంచి చైనా వడ్రంగులను, కమ్మరులను వెంట తెచ్చి, నూట్కాలో ‘నార్త్ వెస్ట్ అమెరికా’ అనే చిన్న స్కూనర్ కట్టించాడు. సెప్టెంబర్ 20న అది నీళ్లలోకి దిగింది. ఆ చైనా పనివాళ్లకు ఈ తరహా ఓడ కొత్త. నూట్కా జనానికీ కొత్త. అయినా నాలుగు నెలల్లో అయింది. ఆ పనివాళ్ల పేర్లు మియర్స్ పుస్తకంలో లేవు. తన సాహసాల గురించి అంత విస్తారంగా రాసుకున్న మనిషికి నాలుగు పేర్లు రాయడానికి చోటు చాలలేదు కాబోలు.

గ్రే స్లూప్ 1792 వసంతానికి నీళ్లలోకి దిగింది. పేరు ‘అడ్వెంచర్’. అమెరికా వాళ్లు ఆ తీరంలో కట్టిన మొదటి ఓడ. హాస్వెల్ దానికి కెప్టెన్. బోయిట్ ఆ చలికాలమంతా ఒక స్లూప్ అడుగునుంచి పుట్టడం చూశాడు. పదిహేడేళ్ల వయసులో ఇది దొరకడం ఏ బడిలోనూ దొరకని చదువు. ఏ పలక వెనక ఏముందో, ఏ మేకు ఎక్కడ దిగిందో తెలిసినవాడికి, తుపానులో ఓడ మూలిగినప్పుడు ఆ శబ్దం ఎక్కడనుంచి వస్తోందో కూడా తెలుస్తుంది.

ఆ చలికాలానికి ఇంకో ముఖముంది. దాన్ని దాటవేస్తే ఈ మెచ్చుకోలుకు అర్థం ఉండదు. క్లేయోక్వాట్ ఎవరూ లేని చోటు కాదు. అది ట్లా-ఓ-క్వి-అట్ జనం సీమ, వాళ్ల పెద్ద వికనినిష్. తమ మీద దాడికి కుట్ర జరుగుతోందని ఓడలోని హవాయి కుర్రాడు అట్టూ ద్వారా విని గ్రే నమ్మాడు. వెళ్లిపోయే ముందు, 1792 మార్చి 27న, ఖాళీగా ఉన్న ఒపిట్సాట్ ఊరిని తగలబెట్టమన్నాడు. మూడు పడవలతో ఆ పనికి పంపింది బోయిట్‌నే. కుర్రాడు ఆజ్ఞ పాటించాడు, ఆ రాత్రి దినచర్యలో తన బాధ రాసుకున్నాడు. రెండు వందల ఇళ్లు, ప్రతి గుమ్మానికీ మనిషి తలో జంతువు తలో చెక్కిన పని, ఎన్నో తరాల శ్రమ అని లెక్కపెట్టి మరీ రాశాడు. చెక్క పని విలువ అప్పుడప్పుడే నేర్చుకున్నవాడు కాబట్టే అలా రాయగలిగాడేమో. గ్రే వంశీకులు 2005లో ఆ జనం దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నారు.

నిజానికి ఆ తీరంలో మొదటి తరగతి చెక్క పనివాళ్లు ఓడలో ఉన్నవాళ్లు కారు. అక్కడి ఇళ్ల పలకలను రంపంతో కోయరు, చీలుస్తారు. ఎర్ర దేవదారు దుంగలో చీలలు దిగగొడుతూ పోతే నార వెంబడి పలక విడివడుతుంది. రంపం నారను కోసేస్తుంది కాబట్టి తెగిన కొసలనుంచి నీరు లోపలికి దిగుతుంది. చీల్చిన పలకలో నార తెగదు, వాన జారిపోతుంది. ఇక తిమింగలాల వేటకు వాడే వాళ్ల పడవ ఒకే మానునుంచి తొలిచింది. గోడ మందం అంతటా ఒకేలా ఉండాలి. దానికి బయటనుంచి చిన్న రంధ్రాలు చేసి, కొలత ప్రకారం కోసిన పుల్లలు బిగిస్తారు. లోపలినుంచి చెక్కుతూ పుల్ల కొస కనబడగానే ఆపేస్తారు. తర్వాత పడవ నిండా నీళ్లు పోసి, ఎర్రగా కాలిన రాళ్లు వేసి, ఆవిరితో కొయ్యను మెత్తబరిచి, అడ్డు కర్రలతో పక్కలను వెడల్పుకు సాగదీస్తారు. మేకు లేదు, తారు లేదు, సందు లేదు కాబట్టి కారడమూ లేదు. ఎనిమిది మంది అందులో కూర్చుని తీరం కనబడని సముద్రంలోకి పోయి తిమింగలాన్ని కొట్టి లాక్కొస్తారు. ఐదు నెలలు, రెండు రంపపు జట్లు, ఒక కొలిమి, బోస్టన్ చట్రం పెట్టి 45 టన్నుల స్లూప్ కట్టినవాళ్లను మెచ్చుకుంటున్నాను నిజమే గానీ, పక్కనే ఈ పడవ ఉందని మరిచి మెచ్చుకోలేను.

కొలిమి సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. ఈ వ్యాపారంలో కమ్మరి రెండో కెప్టెన్. 1789లో ‘లేడీ వాషింగ్టన్’ అనే 90 టన్నుల స్లూప్‌లో గ్రే హైడా జనం ఊరికి పోయినప్పుడు ఒక్కో ఉలికి ఒక్కో తోలు చొప్పున కాసేపట్లో రెండు వందల తోళ్లు కొన్నాడు. ఇనుము ఉంటే చాలనిపించిన రోజులవి. రెండేళ్లు గడిచేసరికి ఊళ్లలో ఉలులు నిండిపోయాయి, ఎవరికీ అక్కర్లేదు. అప్పుడు జోసెఫ్ ఇంగ్రహామ్ ‘హోప్’ అనే 70 టన్నుల బ్రిగంటీన్‌లో వచ్చాడు. అతని సరుకు కూడా ఎవరూ అడగలేదు. ఒక స్త్రీ మెడలో రాగి కంటె కనబడింది. ఓడలో కమ్మరిని పిలిచి, ఇనుప కడ్డీలను మెలితిప్పి అలాంటి కంటెలే చేయమన్నాడు. ఒక్కోటి ఐదు నుంచి ఏడు పౌన్ల బరువు! మెడ విరగదా అనిపిస్తుంది. అయినా అవే ఆ ఏటి నాగరికమయ్యాయి, ఒక్కో కంటెకు మూడు తోళ్లు. 49 రోజుల్లో 1,400 తోళ్లు పోగుచేశాడు. మరుసటేడు అదే కంటెలు తెస్తే మోజు తీరిపోయింది, ఎవరూ తలెత్తి చూడలేదు. చివరికి ఆ యాత్ర యజమానులకు నష్టమే మిగిల్చింది. తీరంలో ఉన్నవాళ్లు అమాయకులు, గాజుపూసలకు మురిసిపోయారు అని రాసే చరిత్రకారులు ఈ రెండేళ్ల ధరలు ఒకసారి చూస్తే బాగుండు.

చేతిపని ప్రాణం నిలిపిన సందర్భమూ ఉంది. 1803లో నూట్కాలో ‘బోస్టన్’ అనే ఓడను అక్కడి పెద్ద మక్విన్నా జనం పట్టుకుని 25 మందిని చంపారు. అంతకు ముందు ఆ ఓడ కెప్టెన్ మక్విన్నాను నోటికొచ్చినట్టు తిట్టాడు, తిట్టు అతనికి అర్థమైంది. ఇద్దర్ని బతకనిచ్చారు. ఒకడు జాన్ జువిట్, ఓడ ఆయుధాలు చేసే కమ్మరి. రెండోవాడు తెరచాపలు కుట్టే థాంప్సన్, అతను తన తండ్రి అని జువిట్ అబద్ధమాడి కాపాడాడు. రెండేళ్ల పైచిలుకు ఇద్దరూ అక్కడే ఉండి, ఒకడు కత్తులు చేశాడు, ఒకడు గుడ్డలు కుట్టాడు. తర్వాత జువిట్ ఆ కథ పుస్తకంగా రాసుకున్నాడు.

ఇక బోయిట్ దగ్గరికి వద్దాం. 1792లో ‘కొలంబియా’ ఒక రాతిని కొట్టుకుని అడుగు దెబ్బతింది. నూట్కాలో స్పానిష్ వాళ్ల సాయంతో బాగుచేసుకున్నారు. ఆ కాలంలో, ఆ తీరంలో ఓడ అడుగు బాగుచేయాలంటే రేవు లేదు, క్రేన్ లేదు. పోటు నీటిలో ఇసుక దిబ్బ మీదికి ఎక్కిస్తారు, ఆటు వచ్చి నీరు తగ్గాక ఓడ పక్కకు ఒరుగుతుంది, ఆరు గంటల్లో ఒక పక్క గీకి, మండించి, తారు పూయాలి. మళ్లీ పోటు వస్తుంది. రెండో పక్క రేపు. గ్రే అదే ఏడు సెప్టెంబర్‌లో ‘అడ్వెంచర్’ను స్పానిష్ కమాండర్ బోదేగా ఇ క్వాద్రాకు అమ్మేశాడు. డబ్బు తీసుకోలేదు, డెబ్బైకి పైగా మేలురకం తోళ్లు తీసుకున్నాడు. కొనుక్కున్నవాడు ఓడలు తెలిసిన నావికాధికారి. పచ్చి చెక్కతో, వానలో కట్టిన ఓడకు ఇంతకన్నా మంచి యోగ్యతా పత్రం ఏం కావాలి?

1794 ఆగస్టు చివర్లో న్యూపోర్ట్ నుంచి ‘యూనియన్’ అనే స్లూప్ బయల్దేరింది. తొంభై టన్నుల చిల్లర, అంటే ‘కొలంబియా’లో సగం కూడా కాదు. 22 మంది మనుషులు. కెప్టెన్ బోయిట్, వయసు పందొమ్మిది. కెప్టెన్ పోస్టు కూడా బావ హాచ్ చలవే అనుకుంటే, ఆ తర్వాతిదంతా బావ చేయగలిగింది కాదు. దక్షిణార్ధగోళంలో వేసవి ఉండగానే, 1795 ఫిబ్రవరి ప్రాంతంలో హార్న్ అగ్రం చుట్టాడు. ఆ లెక్క ముందునుంచీ వేసుకున్నదే. నెల ఆలస్యమైతే అదే సముద్రం మరో సముద్రమవుతుంది. మే నెలలో వాంకూవర్ దీవి చేరాడు.

జూన్‌లో హైడా దీవుల దక్షిణ కొసలో ఓడను చుట్టుముట్టారు. బోయిట్ లెక్క ప్రకారం నలభైకి పైగా పడవలు. ఓడ మీదికి వచ్చిన పెద్దలు మేట్‌ను పట్టుకోవడంతో పోరు మొదలైంది. తన వైపు ఒక్క ప్రాణం పోలేదని, అవతలివైపు నలభై మందికి పైగా చనిపోయారని రాశాడు. తర్వాత బందీలను తోళ్ల మారకంలో వదిలాడు. ఇందులో మెచ్చుకోవడానికి నాకేమీ కనబడదు. ఆ నీళ్లలోనే 1789లో జాన్ కెండ్రిక్ అనే కెప్టెన్ కోయా అనే పెద్దను ఫిరంగి బండికి కాలు బిగించి అవమానించాడు. 1791లో కోయా కెండ్రిక్ ఓడ మీద దాడి చేశాడు, ఓడిపోయాడు. ముందు వచ్చినవాడు చేసిన అప్పు వెనక వచ్చినవాడి మీద పడుతుందని ఆ తీరంలో ప్రతి కెప్టెన్‌కూ తెలుసు. అయినా అందరూ వచ్చారు.

నేను మెచ్చుకునేది మరుసటి నెల సంగతి. కొలంబియా నది ముఖద్వారం దగ్గరికి వచ్చాడు. మూడేళ్ల కిందట గ్రేతో కలిసి అదే నదిలోకి దిగినవాడు, లోపల ఎన్ని తోళ్లున్నాయో తెలిసినవాడు. ఇప్పుడున్నది అంతకన్నా చిన్న ఓడ, లోతు తక్కువ. ముఖద్వారంలో ఇసుక మేట మీద అలలు విరుగుతున్నాయి. చూశాడు, లోపలికి పోలేదు. ఇరవై ఏళ్లు నిండని కెప్టెన్ వెనక్కి తిరగడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఆ మేట తర్వాతి రెండు శతాబ్దాల్లో వందల ఓడలను మింగింది. నావికులు దానికి పసిఫిక్ శ్మశానమని పేరు పెట్టారు.

తీరం వెంట తిరిగే ఓడకు కళ్లు ముందున్నాయనుకుంటాం, కానీ అడుగునా ఉండాలి. తాడు కొసన సీసపు గుండు కట్టి నీళ్లలోకి విసురుతారు. గుండు అడుగున ఒక గుంట, అందులో పశువు కొవ్వు నింపుతారు. అడుగు తగిలితే తాడు మీద గుర్తులు లోతు చెబుతాయి, కొవ్వుకు అంటుకొచ్చినది నేల చెబుతుంది. ఇసుకా, గులకరాయా, నత్తగుల్లా, బురదా? ఏమీ అంటకపోతే రాయి. లంగరు పట్టదు. చీకటిలో, మంచుతెరలో, వర్షంలో ఇదే దారిదీపం. గుండు విసిరేవాడు లోతును ఒక రాగంలో అరిచి చెప్పేవాడు, చుక్కాని పట్టినవాడు ఆ పాటను బట్టి ఓడ తిప్పేవాడు. ఇరవై రెండు మందిలో ఒకరికి జలుబు చేసి గొంతు పోయినా అది కెప్టెన్ ఆలోచించాల్సిన విషయమే.

‘యూనియన్’ అక్టోబర్‌లో హవాయిలో నీళ్లు, పందిమాంసం, దుంపలు ఎక్కించుకుని, డిసెంబర్‌లో కాంటన్ చేరింది. తోళ్లు అమ్మి, మారిషస్ మీదుగా ఆఫ్రికా చుట్టి 1796 జూలైలో బోస్టన్ చేరింది. రెండేళ్లకు కాస్త తక్కువ. భూమి చుట్టి వచ్చిన తొలి స్లూప్‌గా దీన్ని లెక్కిస్తారు. బోయిట్ ఆ తర్వాతా ఓడలు నడిపాడు, 1829లో పోయాడు. నీటికుక్కలు అంతకన్నా ముందే ఆ తీరంలో చాలాచోట్ల అయిపోయాయి. 1911లో నాలుగు దేశాలు వేట ఆపడానికి ఒప్పందం చేసుకునే నాటికి మొత్తం పసిఫిక్‌లో మిగిలినవి ఒకటి రెండు వేలని అంచనా. పనితనం ఎంత గొప్పదైనా అది చేసిపెట్టిన పని ఇదీ.

ఈ ఓడల్లో ఏదైనా ఇప్పుడు చూడొచ్చా అంటే, ‘లేడీ వాషింగ్టన్’ నమూనాను 1989లో వాషింగ్టన్ రాష్ట్రంలోని అబర్డీన్‌లో కట్టారు. కెండ్రిక్ అసలు ఓడను తర్వాత రెండు కొయ్యల బ్రిగ్‌గా మార్చాడు, నమూనా కూడా ఆ రూపంలోనే ఉంది. 2003లో వచ్చిన ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ సినిమా చూసినవాళ్లు దాన్ని ఇంటర్‌సెప్టర్ అనే పేరుతో చూసే ఉంటారు. కొయ్యల వెంట దిగే తాళ్ల అమరిక కోసం ఒకసారి కథ పక్కనపెట్టి ఆ సినిమా చూడండి.

ఒంటికొయ్య ఓడ మీద చివరి మాట మాత్రం బోయిట్‌ది కాదు. అతను ఇల్లు చేరిన దాదాపు వందేళ్లకు, 1895లో, జాషువా స్లోకమ్ అనే ముసలి కెప్టెన్ బోస్టన్ నుంచి ‘స్ప్రే’ అనే 37 అడుగుల స్లూప్‌లో ఒంటరిగా బయల్దేరాడు. దాన్ని 13 నెలలు తన చేతులతో తిరగగట్టుకున్నాడు, ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. అంత తెలిసిన వడ్రంగి నావికుడికీ నడి సముద్రంలో ఆ పాత లోపమే ఎదురైంది. తెరచాప కింది వాసం విరిగింది, బ్రెజిల్ రేవులో దాన్ని పొట్టి చేశాడు. బ్యూనోస్ ఎయిరెస్‌లో కొయ్యను ఏడడుగులు కోసేశాడు. మెగల్లన్ జలసంధికి వచ్చేసరికి, ఇక లాభం లేదనుకుని, ఓడ వెనక చిన్న రెండో కొయ్య నాటుకున్నాడు.